పక్క చేలో రొయ్యల చెరువు తవ్వితే...

దాళ్వా కుప్పలు నూర్చి ఇంకా నెల కాలేదు. ఒకరోజు పొద్దున్నే మీ చేనికి ఆనుకుని ఉన్న పొలంలో పొక్లెయిన్ దిగుతుంది. సాయంత్రానికల్లా మీ సరిహద్దు గట్టు పక్కన మనిషెత్తు మట్టికట్ట లేస్తుంది. "ఏం చేయమంటావు తమ్ముడూ, మంచి కౌలు వచ్చింది, ఇచ్చేశాను" అంటాడు పక్క రైతు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ఆయనకూ బ్యాంకు బాకీ ఉంది, పిల్లల చదువులు ఉన్నాయి. వరికి వచ్చే కౌలుకు ఎన్నోరెట్లు చెరువుకు ఇస్తామంటే ఎవరు కాదంటారు?

ఇబ్బందంతా మీది. మీకున్నది ఎకరంన్నర. చెరువు వేసే స్తోమత లేదు, వేయాలన్న కోరికా లేదు. వరి వేసుకుంటే తిండిగింజలకు లోటుండదన్న ధైర్యంతో బతుకుతున్నారు. రెండేళ్లు గడిచేసరికి గట్టు వెంట నాలుగు సాళ్లు తెల్లబడతాయి. మూడో ఏడు నారుమడి మాడిపోతుంది. అప్పుడు అదే చెరువు కౌలుదారు వచ్చి "మీ పొలం కూడా ఇచ్చేయండి, వరి ఇంక పండదుగా" అంటాడు. తీరప్రాంత మండలాల్లో చిన్న రైతులు చాలామంది పొలాన్ని చెరువుకు ఇచ్చింది ఇష్టపడి కాదు, ఇలా గతిలేక. ఇవ్వాల్సి వచ్చింది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. ఒకటి కాదు, మూడు నాలుగు ఉన్నాయి. అవి రైతు ఇంటిదాకా రాలేదు, అంతే. వచ్చిన చోట కూడా ఒక్కోసారి ఎకరం చెరువు వేసుకున్న చిన్న రైతు మెడకే చుట్టుకున్నాయి. ఆ రెండు సంగతులూ ఈ వారం చూద్దాం.

ఉప్పు ఎలా వస్తుందంటే

చాలామంది ఉప్పు గాలితో వస్తుందనుకుంటారు. తీరానికి దగ్గర్లో కొంత నిజమే గానీ మీ చేనికి వచ్చే ఉప్పు దారి వేరు. అది మూడు తోవల్లో వస్తుంది.

మొదటిది ఊట. చెరువులో నీటిమట్టం ఎప్పుడూ మీ చేను మట్టం కంటే పైనే ఉంటుంది. ఆ బరువుకు నీరు కట్ట కిందనుంచి జారి మీ వైపు వస్తుంది. ఇసుక కలిసిన నేల అయితే తొందరగా, జిగట రేగడి అయితే నెమ్మదిగా. కానీ రావడం మాత్రం వస్తుంది. ఎండాకాలంలో ఆ తడి పైకి ఎక్కి ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం పైన మిగిలిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో గట్టు వెంట నడిస్తే కాలికింద పెళపెళలాడే తెల్లటి పొర అదే.

రెండోది మురుగు కాలువ. రొయ్య పట్టిన రోజున చెరువు నీళ్లన్నీ డ్రైనులోకి వదిలేస్తారు. ఉప్పు ఒక్కటే కాదు, తినగా మిగిలిన మేత, అడుగు బురద, వాడిన మందులు అన్నీ అందులోనే. కింద రైతు దాళ్వాలో కాలువ నీళ్లు చాలక అదే డ్రైనుకు ఇంజను పెట్టి తోడుకుంటాడు. నీళ్లు దొరికాయని సంబరపడతాడు. పది రోజులకు ఆకుల కొనలు తెల్లబడి చుట్టుకుపోతే తెగులేమో అనుకుని మందు కొడతాడు. మందు డబ్బులు కూడా పోతాయి.

మూడోది బోరు. సముద్రానికి దూరంగా తవ్విన చెరువులకు ఉప్పునీరు కావాలి కాబట్టి లోతు బోర్లు వేసి ఉప్పునీరు పైకి తోడతారు. దాంతో పైన ఉన్న తీపినీటి పొరలోకి కూడా ఉప్పు దిగుతుంది. ఈ దారి అన్నిటికన్నా ప్రమాదం. ఎందుకంటే దెబ్బ తగిలేది మీ చేనికే కాదు, ఊరి చేతిపంపులకు, మంచినీటి చెరువుకు కూడా.

వరి ఉప్పును ఎంతవరకు ఓర్చుకుంటుందో లెక్క ఉంది. మట్టిని నీటితో ముద్దచేసి తీసిన సారంలో ఈసీ విలువ 3 డెసీసైమన్లు దాటిన దగ్గర్నుంచి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆపైన ప్రతి ఒక్క యూనిట్‌కూ సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. అంటే 30 బస్తాలు పండే ఎకరంలో ఈసీ 5కు చేరితే ఏడు బస్తాలు తగ్గినట్టే. పురుగు కనిపించదు, తెగులు కనిపించదు. దుబ్బు బాగానే ఉన్నట్టుంటుంది. కంకి పట్టి చూస్తే తాలు. చిన్న రైతుకు ఆ ఏడు బస్తాలే మిగులు. పెట్టుబడి పోను ఇంటికి చేరేవి అవే కదా.

1996లో ఏం జరిగింది

ఈ కథ మన దగ్గర 1980ల చివర్లో మొదలైంది. టైగర్ రొయ్యకు విదేశాల్లో గిరాకీ పెరిగింది. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా తీరం వెంట చెరువులు లేచాయి. కంపెనీలు వచ్చాయి, భూములు కొన్నారు, కౌలుకు తీసుకున్నారు. సర్కారు కూడా ప్రోత్సహించింది. డాలర్లు వస్తున్నాయి కదా మరి. 1994 చివర్లో తెల్లమచ్చ తెగులు విరుచుకుపడే దాకా ఆ జోరు ఆగలేదు. చెరువులకు చెరువులే ఊడ్చుకుపోయాయి. కంపెనీలు చాలావరకు సర్దుకున్నాయి. అప్పుచేసి ఎకరం, రెండెకరాలు తవ్వుకున్న రైతు మాత్రం ఎక్కడికీ పోలేడుగా, అక్కడే మిగిలాడు.

అదే సమయంలో తమిళనాడులో తంజావూరు, నాగపట్నం ప్రాంతపు వరి పొలాలు రొయ్యల చెరువులుగా మారుతుంటే సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1994లో వేసిన ఆ పిటిషన్‌పై 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. అంతకుముందు 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీర ప్రాంత నియంత్రణ ప్రకటన ఒకటి ఇచ్చింది. పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపల ఏం కట్టవచ్చు, ఏం కట్టకూడదన్నది అందులో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని కోర్టు గట్టిగానే చెప్పింది. ఆ హద్దులోపలి రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31 లోగా తీసేయాలంది. పులికాట్, చిల్కా సరస్సులకు 1000 మీటర్ల లోపలివి కూడా పోవాలంది. అన్నిటికన్నా మనకు ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. సాగుభూమినీ, ఉప్పు మడులనూ, మడ అడవులనూ, ఊరి ఉమ్మడి భూములనూ రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. కాలుష్యం చేసినవాడే నష్టం కట్టాలంది. సంప్రదాయ పద్ధతిలో, అంటే పోటునీటిని మడిలోకి పట్టి రొయ్య పెంచుకునే వాళ్లను మాత్రం వదిలిపెట్టింది.

తీర్పు విని వరి రైతు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆ మాట ఎంతకాలం నిలిచింది? పునస్సమీక్ష పిటిషన్లు పడ్డాయి. 1997 ఫిబ్రవరిలో అక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. ఆఖరికి 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 1991 నాటి ప్రకటన రొయ్యల చెరువులకు వర్తించదని ఆ చట్టంలో రాసేశారు. అదీ ఆనాటి నుంచే, అంటే 1991 నుంచే వర్తించదన్నమాట. కోర్టు నిలబడిన నేలనే కిందనుంచి లాగేశారు. బాగుందా, బాగాలేదా అన్నది పక్కన పెడదాం. చట్టం మారిందన్నది రైతు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఇప్పటికీ కొందరు "సుప్రీంకోర్టు తీర్పు ఉందండీ" అంటూ పాత కాగితం పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. దానికన్నా పనికొచ్చే కాగితం 2005 చట్టంలోనూ, దాని నిబంధనల్లోనూ ఉంది.

మీకు పనికొచ్చే దూరాలు

ఆ చట్టం పోటు రేఖ నుంచి రెండు కిలోమీటర్ల లోపలి ప్రాంతానికి వర్తిస్తుంది. సముద్రం ఒక్కటే కాదు, ఉప్పునీరు ఎక్కే ఏర్లు, కాలవలు, బ్యాక్‌వాటర్ల నుంచి కూడా రెండు కిలోమీటర్లే. ఈ లోపల చెరువు వేసే ఎవరైనా అథారిటీ దగ్గర నమోదు చేయించుకోవాలి. అథారిటీ ఆఫీసు చెన్నైలో ఉన్నా దరఖాస్తు మన జిల్లా మత్స్యశాఖ ద్వారానే వెళుతుంది. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ చూస్తుంది. 2005 చట్టం ప్రకారం నమోదు ఐదేళ్లకు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. పోటు రేఖ నుంచి 200 మీటర్ల లోపల కొత్త చెరువు వద్దని కూడా చట్టమే చెప్పింది.

నిబంధనల్లోకి వస్తే, అర్జీ రాసేటప్పుడు మీకు అక్కరకొచ్చేవి ఇవి. పక్కనున్న సాగుభూమికీ రొయ్యల చెరువుకూ మధ్య నేల స్వభావాన్ని బట్టి 50 నుంచి 100 మీటర్ల ఖాళీ ఉండాలి. మంచినీటి వనరుకు 100 మీటర్ల దూరం ఉండాలి. అయిదు వందల లోపు జనాభా ఉన్న ఊరికి 100 మీటర్లు, అంతకు మించిన ఊరికి 300 మీటర్లు దూరం. మొత్తం భూమిలో నీరు నిలిపే భాగం 60 శాతానికి మించకూడదు. అయిదు హెక్టార్లు దాటిన ఫారంలో వాడిన నీటిని శుద్ధి చేసే చెరువు వేరే ఉండాలి. పంట భూమిని చెరువుగా మార్చడానికి మార్గదర్శకాలు ఒప్పుకోవు, ఉప్పుబారి పంట పండని భూములను మాత్రమే వాడుకోమంటాయి.

ఇది చదివి మీరు నవ్వుకుంటూ ఉండొచ్చు. 50 మీటర్లు ఎక్కడిది, మా సరిహద్దు గట్టూ చెరువు కట్టా ఒక్కటేగా అని. నిజమే. ఎకరం, ఎకరంన్నర కమతాలున్న ఊళ్లో 50 మీటర్లు వదిలితే చెరువుకు మిగిలేది గుంట. నిబంధన రాసినవారికి మన కమతాల సైజు తెలియదో, తెలిసే రాశారో గానీ, దాన్ని పాటించడం చిన్న రైతుకు కుదరని పని, పెద్ద రైతుకు ఇష్టం లేని పని. అయినా రాతపూర్వకంగా ఉన్న నిబంధన ఉన్నట్టే. అర్జీలో ఆ మాట ఉంటే అధికారి చూడక తప్పదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. టైగర్ రొయ్యకు ఉప్పునీరు కావాలి కాబట్టి అది తీరం వదిలి పెద్దగా లోపలికి రాలేదు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. అది తక్కువ ఉప్పుదనంలోనూ బతుకుతుంది. దాంతో చెరువులు రెండు కిలోమీటర్ల గీత దాటి డెల్టా వరిపొలాల నడిమధ్యకు వచ్చేశాయి. గీత బయట కేంద్ర చట్టం చెయ్యి ఆడదు. అక్కడ రాష్ట్ర నిబంధనలే దిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం వచ్చింది. చెరువుకు లైసెన్సు ఉండాలని అది చెబుతుంది. కాబట్టి మొదటి ప్రశ్న మీ చేను రెండు కిలోమీటర్ల లోపల ఉందా, బయట ఉందా అన్నది. దాన్ని బట్టి అర్జీ ఎవరి పేరున రాయాలన్నది తేలుతుంది. ఏది తెలియకపోయినా కలెక్టరుకు రాసి మత్స్యశాఖకు, తహశీల్దారుకు నకళ్లు ఇస్తే సరిపోతుంది.

ఎకరం చెరువు రైతు మాట

ఇంతవరకూ వరి రైతు పక్షాన మాట్లాడాం. చెరువు వేసుకున్న చిన్న రైతు సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. దేశంలో రొయ్య పెంచేవాళ్లలో పదిమందిలో తొమ్మిది మందికి రెండు హెక్టార్లకు మించి లేదు. వాళ్లు కూడా ఈ పేజీ చదివేవాళ్లే.

వీళ్లకు చట్టం తెచ్చిన ఇబ్బంది కాగితాల ఇబ్బంది. నమోదుకు భూమి పత్రాలు కావాలి. సగం మంది కౌలుదార్లు. భూమి యజమాని కౌలు పత్రం రాసి ఇవ్వడు, ఇస్తే హక్కు పోతుందని భయం. పత్రం లేకపోతే నమోదు లేదు. నమోదు లేకపోతే బ్యాంకు అప్పు దొరకదు, ఎగుమతిదారు సరుకు ఎక్కడిదని అడిగినప్పుడు చూపడానికి ఏమీ ఉండదు. 2005 చట్టంలో నమోదు లేకుండా పెంచితే మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా అని ఉండేది. 2023 సవరణలో జైలు మాట తీసేశారు, జరిమానా మిగిలింది. జైలు పోయింది కదా అని నమోదు మానుకుంటే పొరపాటే. 2002లో చెరువుల్లో వాడకూడని యాంటీబయాటిక్ మందుల జాబితా ప్రకటించారు. అప్పటి నుంచీ విదేశీ కొనుగోలుదారు సరుకులో మందు అవశేషం దొరికితే కంటైనరు వెనక్కి పంపేస్తున్నాడు. ఆ నష్టం చివరికి చెరువు గట్టు మీద కిలో ధరలో మీకే కోత పడుతుంది.

దీనికి ఒక మంచి దారి మన పశ్చిమగోదావరిలోనే పుట్టింది. 2002 ప్రాంతంలో మొగల్తూరులో ఎంపెడా ఆధ్వర్యంలో ఒకే కాలువ నీరు వాడుకునే చిన్న రైతుల్ని ఒక సంఘంగా కూర్చోబెట్టారు. అందరూ ఒకేసారి పరీక్ష చేయించిన పిల్ల వేయడం, తెగులు వచ్చిన చెరువు నీటిని కాలువలోకి వదలకుండా ఆపి అందరికీ కబురు చెప్పడం, నిషేధించిన మందులు వాడకపోవడం, ఇవీ వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు. తెగులు తగ్గింది. ఖర్చూ తగ్గింది. ఆ పని చూసే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థను ఏర్పాటు చేశారు, చిన్న రొయ్య రైతుల సంఘాలకు సాయపడటానికే. అయిదు హెక్టార్ల వాడికి శుద్ధి చెరువు తప్పనిసరి, మీకు కాదు. కానీ పదిమంది ఎకరం రైతులు ఒకే డ్రైనులోకి వదిలితే అది పది ఎకరాల ఫారం వదిలినట్టే. సంఘంగా ఉంటే అందరికీ కలిపి ఒక చెరువును నీరు తేరుకోవడానికి వదలొచ్చు. అదే కింద వరి రైతుతో గొడవ లేకుండా చేస్తుంది. గొడవకు పోయే ఖర్చు లెక్కేస్తే ఆ చెరువు ఖరీదు ఎక్కువేమీ కాదు.

అర్జీకి ముందు మట్టి

మళ్లీ వరి రైతు దగ్గరికి వద్దాం. నేను చూసినంతలో రైతులు ఓడిపోయేది న్యాయం లేక కాదు, రుజువు లేక. "మా చేను చౌడైపోయిందండీ" అంటే "ముందునుంచీ చౌడేగా" అంటాడు అవతలివాడు. కాదని చూపడానికి మీ చేతిలో కాగితం ఉండదు. ఒక తీర గ్రామంలో ఓ పెద్దాయన తన చేను చూపిస్తూ "అబ్బాయ్, ఈ మడిలో మా నాన్న స్వర్ణ పండించేవాడు, ఊరంతా చెబుతారు" అన్నాడు. ఊరంతా చెబితే సరిపోదు. ఒక్క ల్యాబు కాగితం చెబితే చాలు.

అందుకని చెరువు తవ్వుతున్నట్టు తెలిసిన వెంటనే, నీరు పెట్టకముందే, మీ చేను మట్టి పరీక్ష చేయించండి. పరీక్షకు అడుగేటప్పుడు ఎరువుల లెక్క ఒక్కటే కాకుండా ఈసీ, పీహెచ్ చూడమని చెప్పండి. నమూనా తీసే పద్ధతి మీకు తెలిసిందే: ఎనిమిది పది చోట్ల ఆంగ్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి రెండు భాగాలు తీసేస్తూ అర్ధకిలో మిగుల్చుకోవడం. కానీ ఉప్పు కేసుకు ఇదొక్కటీ చాలదు. రెండు నమూనాలు వేరువేరుగా తీయండి. ఒకటి చెరువు వైపు గట్టు దగ్గర, ఇంకోటి దూరపు మూల. రెండూ ఏడాదికోసారి, ఎండాకాలంలో ఒకే నెలలో తీయిస్తూ ఉండండి. గట్టు దగ్గర ఏటేటా పెరుగుతూ, దూరాన అలాగే ఉంటే ఉప్పు ఎటునుంచి వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ల్యాబుల్లో సాధారణంగా ఒక వంతు మట్టి, రెండు వంతుల నీరు కలిపి ఈసీ చూస్తారు. పైన చెప్పిన 3 అన్న లెక్క మట్టి ముద్ద సారానిది. నీరు ఎక్కువ కలిపిన పద్ధతిలో అంకె తక్కువగా కనిపిస్తుంది. అందులో 1 లోపు ఉంటే ఫర్వాలేదంటారు. ఏ పద్ధతిలో చూశారో కాగితం మీద రాయించుకోండి. లేకపోతే రెండేళ్ల అంకెలు పోల్చడం కుదరదు.

పరీక్ష కాగితం, పొలం పాసుపుస్తకం నకలు, చెరువు కట్టకూ మీ గట్టుకూ మధ్య ఎన్ని మీటర్లు ఉందో టేపుతో కొలిచి రాసిన కాగితం, నాలుగు ఫొటోలు. ఇవీ అర్జీతో ఉండాలి. తవ్వకం జరుగుతున్నప్పుడు ఇచ్చిన అర్జీకి ఉన్న బలం, రొయ్య పిల్ల వేశాక ఇచ్చిన దానికి ఉండదు. పిల్ల వేశాక "లక్షల పెట్టుబడి పోతుంది, ఈ పంట పట్టనివ్వండి" అంటారు. ఆ పంట అయ్యాక ఇంకో పంట. పంచాయతీలో తీర్మానం పెట్టించగలిగితే మంచిది. మంచినీటి చెరువు దగ్గర్లో ఉంటే మీ ఒక్కరి చేను మాట కంటే ఊరి నీళ్ల మాట ముందు రాయండి, అధికారులు తొందరగా కదులుతారు. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు తీసుకోండి.

ఆ చెరువుకు అసలు నమోదు ఉందా, ఏ సర్వే నంబరుకు, ఎన్ని ఎకరాలకు ఇచ్చారు అన్నది తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్ల కాగితం మీద రాసి జిల్లా మత్స్యశాఖలో పది రూపాయల రుసుంతో ఇస్తే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాచోట్ల రెండెకరాలకు కాగితం పెట్టి అయిదెకరాలు తవ్వుతారన్నది మీకు నేను చెప్పాలా? ఆ తేడా బయటపడేది ఇక్కడే.

ఎక్కడా పని జరగకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. 2010లో వచ్చింది, మన రాష్ట్రాలకు చెన్నై బెంచి. వకీలు లేకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు. పరిహారం అడగని అర్జీకి రుసుం వెయ్యి రూపాయలు, పరిహారం అడిగితే అడిగిన దానిలో ఒక శాతం. అయితే గడువు చూసుకోండి. చెరువు ఆపించమని అడిగే అర్జీ, ఆ వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వేయాలి. పంట నష్టానికి పరిహారం అడగడానికి అయిదేళ్ల గడువుంది. ఊళ్లో పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఏడాది గడిపేసినవాళ్లు మొదటి గడువు పోగొట్టుకుంటారు. నలుగురు రైతులు కలిసి వేస్తే ఖర్చు పంచుకోవచ్చు, ఊళ్లో ఒక్కరే శత్రువు అయ్యే బాధా ఉండదు.

ఈలోగా చేను కాపాడుకోవడానికి ఊట కాలువ ఒక్కటే ఉపాయం. చెరువు కట్టకూ మీ గట్టుకూ మధ్య ఊటకు అడ్డంగా లోతైన బోదె తవ్వించాలి. కట్ట దిగి వచ్చే ఉప్పునీరు అందులో పడి డ్రైనుకు పోవాలి. ఇది చెరువు రైతు తన భూమిలో, తన ఖర్చుతో తవ్వించాల్సిన పని. మాటామాటా వచ్చినప్పుడు పరిహారం కంటే ముందు దీన్ని అడగండి. చెరువు వాడు డబ్బు ఇవ్వనంటాడు గానీ ఒక రోజు పొక్లెయిన్ తిప్పడానికి ఒప్పుకుంటాడు.

ఇవ్వక తప్పకపోతే

చుట్టూ చెరువులైపోయి మీ ఎకరం మధ్యలో మిగిలిందనుకోండి. అప్పుడు ఇవ్వడం తప్పు కాదు. కానీ నోటిమాట మీద ఇవ్వకండి. ఏడాది దాటిన కౌలు పత్రం రిజిస్టరు చేయించాలి. అందులో మూడు సంగతులు రాయించండి: గడువు ముగిశాక కట్టలు తీసి, పక్కన కుప్పపోసిన పైమట్టిని తిరిగి పరిచి చదును చేసి అప్పగించాలని, బోరుతో ఉప్పునీరు తోడకూడదని, నమోదు లేకుండా నడిపితే పడే జరిమానా కౌలుదారుదేనని. చదును ఖర్చు కింద కొంత డబ్బు ముందే మీ దగ్గర డిపాజిట్ ఉంచమనండి. తెగులు వచ్చి మధ్యలో వదిలేసి పోయిన కౌలుదార్లు ఎందరో, కట్టలు మాత్రం పోలేదు.

అలా వదిలేసిన చెరువు మీ చేతికి తిరిగి వస్తే వెంటనే వరి నాటేయకండి. పండదు. ముందు అడుగున పేరుకున్న నల్లబురద తీసేయాలి. చదును చేసి, చిన్న మడులుగా గట్లు వేసి, డ్రైను తెరిపించాలి. నీరు బయటికి పోయే దారి లేకుండా ఎంత తీపినీరు పెట్టినా ఉప్పు అక్కడే తిరుగుతుంది. తొలకరి వానలకు, కాలువ నీటికి మడి నింపి, దున్ని కలియబెట్టి, రెండు మూడు రోజులు నిలిపి బయటికి వదలాలి. ఇలా మూడు నాలుగు సార్లు. తర్వాత జీలుగ చల్లి, పూతకు ముందు కలియదున్నండి. జీలుగ ఉప్పును ఓర్చుకుంటుంది, నేలనూ గుల్ల చేస్తుంది. చాలామంది ఎవరో చెప్పారని జిప్సం బస్తాలు తెచ్చి పోస్తారు. జిప్సం పనిచేసేది కారుచౌడుకు, అంటే పీహెచ్ 8.5 దాటి సోడియం ఎక్కువున్న నేలకు. వట్టి పాలచౌడుకు నీళ్లతో కడగడమే మందు. మీది ఏ రకమో పరీక్ష కాగితం చూపించి వ్యవసాయ అధికారిని అడిగి వేయండి.

నాటేటప్పుడు లేతనారు వద్దు. కాస్త ముదురునారు తీసుకుని కుదురుకు నాలుగు మొక్కల చొప్పున దగ్గరగా నాటండి. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి, చౌడు నేలలో ఇది ప్రతి పంటకూ అవసరమే. చౌడును తట్టుకునే రకాల కోసం మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానంలో విచారించండి, ఉప్పునేలల కోసమే అక్కడ వరి రకాలు తయారు చేస్తున్నారు. మొదటి సార్వా పంట చూసి దిగులు పడకండి, సగం కూడా రాకపోవచ్చు. ఆ ఎండాకాలంలో మట్టి మళ్లీ పరీక్ష చేయించి, ఈసీ ఎంత దిగిందో చూసుకుని దాళ్వా సంగతి ఆలోచించండి.